రెండు సూదులు, ఒకే దారం

హెర్మేస్ కెల్లీ బ్యాగును శుభ్రం చేయాలనుకునేవాళ్లు గుడ్డ చేతికి తీసుకునే ముందు దాని కుట్టును ఓసారి తీరిగ్గా చూడాలి. భూతద్దం ఉంటే మరీ మంచిది. కుట్లన్నీ కాస్త ఏటవాలుగా, ఒకే కొలతలో, ఒకదాని వెనక ఒకటి సాగిపోతాయి. ఎక్కడా వదులు లేదు, ఎక్కడా తోలు ముడుచుకోలేదు. దీన్ని ఎలా కుట్టారో తెలిస్తే ఎలా కాపాడుకోవాలో సగం తెలిసినట్టే.

ప్యారిస్‌లో 1837లో థియెరీ హెర్మేస్ మొదలుపెట్టింది గుర్రపు సరంజామా పని. ఈ కుట్టు అక్కడి నుంచి వచ్చింది. పొడుగాటి అవిసెనార దారానికి తేనెమైనం పట్టించి, రెండు కొసలకూ చెరో సూది ఎక్కిస్తారు. తోలును కాళ్ల మధ్య ఇరికించుకున్న చెక్క పట్టులో బిగిస్తారు. మన చెప్పులు కుట్టేవాళ్ల ఆరె లాంటి పనిముట్టుతో రంధ్రం చేసి, ఆ ఒక్క రంధ్రంలోకే అటొక సూది, ఇటొక సూది దూర్చి రెండు చేతులా సమానంగా లాగుతారు. మిషన్ కుట్టులో పైదారం, కింది దారం తోలు మధ్యలో ఒకదాన్నొకటి మెలేసుకుంటాయి. ఒకటి తెగిందంటే వరస వదులవుతూ పోతుంది. ఈ కుట్టులో ఒక వైపు దారం తెగినా రెండోది పట్టు వదలదు. పరుగెత్తే గుర్రం మీద మనిషి ప్రాణాలు అలాంటి కుట్టు మీదే ఆధారపడి ఉండేవి మరి.

బ్యాగుకు ఈ రూపం ఇచ్చింది హెర్మేస్ సంస్థకే చెందిన రాబర్ట్ డ్యూమా, 1930లలో. మొనాకో యువరాణి గ్రేస్ కెల్లీ 1956లో తన గర్భం ఫొటోల్లో పడకుండా దీన్ని అడ్డు పెట్టుకున్నాక లోకమంతా దీని వెంట పడింది. ఆమె పేరు అధికారికంగా పెట్టింది 1977లో. ఇందులో కుట్టు పైకి కనిపించేది సెలియే, లోపలి వైపు కుట్టి తిరగేసేది రెటూర్నే. నా ఓటు సెలియేకే. పనిలో ఏ చిన్న లోపమున్నా దాచుకోవడానికి అక్కడ చోటుండదు.

పైకి కనిపించే కుట్టులోకి దుమ్మూ సులువుగా చేరుతుంది. సన్నటి ఇసుక రేణువు కుట్ల సందులో కూర్చుని, బ్యాగు కదిలినప్పుడల్లా దారాన్ని కోస్తుంది. కాబట్టి మొదటి పని మెత్తటి కుచ్చు బ్రష్‌తో కుట్టు వెంబడే దుమ్ము దులపడం. ఆ తర్వాతే పొడి నూలుగుడ్డ. దుమ్ము దులపకుండా గుడ్డతో రుద్దితే ఆ రేణువులే తోలు మీద గీతలు గీస్తాయి.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకునేది అంచు. తోలు పొరలు కలిసే చోట అంచును గరుకు కాగితంతో రుద్ది, రంగు వేసి, మళ్లీ రుద్ది, మళ్లీ రంగు వేసి, చివరికి మైనం పట్టిస్తారు. వేలితో తడిమితే పొరల జాడే తెలియదు. ఇంత ఓపిగ్గా తీర్చిన అంచు మీద శానిటైజర్ చుక్క పడితే రంగు లేచిపోవచ్చు. స్పిరిట్, వెనిగర్, పిల్లలకు వాడే తడి టిష్యూలు కూడా దీని దగ్గరికి రాకూడదు.

లోహపు తాళం బిగింపు దగ్గర ఇంకో చోద్యం ఉంది. రేకును తోలుకు బిగించడానికి చిన్న మేకు దూర్చి, ఎక్కువైన మొనను కత్తిరించి, మిగిలిన కొసను సుత్తితో మెల్లగా తడుతూ ముత్యంలా గుండ్రంగా తీరుస్తారు. ఈ లోహం మీద ఉండేది పలచటి పూత. ఇత్తడి సామాను తోమే పొడితో మెరిపించబోతే ఆ పూత కాస్తా పోతుంది. పొడిగుడ్డతో వేలిముద్రలు తుడిస్తే చాలు.

ఇక తోలు. బాక్స్ అనే నున్నటి దూడతోలు అద్దంలా మెరుస్తుంది, నీటికి మాత్రం తట్టుకోదు. చుక్క పడితే అక్కడ బుడిపె లేస్తుంది. రుద్దకుండా గుడ్డతో అద్ది, నీడన ఆరనివ్వాలి. హెయిర్ డ్రయర్, ఎండ రెండూ తోలులోని జిడ్డును లాగేసి బీటలు తెప్పిస్తాయి. అలాగని నూనె రాయకూడదు. మన ఊళ్లలో కిర్రుచెప్పులకు ఆముదం పట్టించేవాళ్లు. తంగేడు చెక్కతో పదునుచేసిన మందపాటి తోలుకు అది సరిపడేది. క్రోమియం లవణాలతో పదునుచేసిన ఈ తోలు సంగతి వేరు. నూనె దిగితే మచ్చ కడుతుంది, తోలు మెత్తబడుతుంది. నిటారుగా నిలవడమే అందమైన సెలియే బ్యాగు అప్పుడు కుంగిపోతుంది. ఏడాదికి ఒకటి రెండు సార్లు, బఠాణీ గింజంత రంగులేని లెదర్ క్రీమ్‌ను గుడ్డకు అద్దుకుని, ముందు అడుగున రాసి చూసి, ఆ తర్వాతే పైన పలచగా పూయాలి. సన్నటి గీతలకు క్రీమ్ కూడా అక్కర్లేదు. శుభ్రమైన వేలితో మెల్లగా రాస్తే ఆ వేడికే చాలావరకు కలిసిపోతాయి.

పిడి అన్నిటికంటే ముందు నల్లబడుతుంది. తలకు నూనె రాసుకున్న చేయి, క్రీమ్ రాసుకున్న చేయి తగిలేది దానికే. పట్టు రుమాలు చుట్టేది సోకుకే అనుకుంటారు గానీ, పిడిని చెమట నుంచి కాపాడేదీ అదే.

విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో ఉండేవాళ్లకు అసలు పరీక్ష వానాకాలం. గాలిలో తేమ పెరిగితే తోలు మీద తెల్లటి బూజు పడుతుంది. బ్యాగును ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో మూసేస్తే బూజుకు మరీ అనువు. నూలు సంచిలో పెట్టి, లోపల తెల్లటి టిష్యూ కాగితం కూరాలి. న్యూస్‌పేపరైతే సిరా అంటుతుంది. పిడి పట్టి వేలాడదీయకుండా నిలబెట్టాలి, అప్పుడప్పుడూ నీడన గాలి తగలనివ్వాలి.

బాల్‌పెన్ గీతను, తెగిన కుట్టును మాత్రం ఇంట్లో ముట్టుకోకపోవడమే మేలు. సిరాను కరిగించేది తోలు రంగునూ కరిగిస్తుంది. తెగిన కుట్టు మీద మామూలు సూదితో నాలుగు పోగులు వేస్తే కొత్త రంధ్రాలు పడతాయి, అవి ఇక పూడవు. చేయి తిరిగిన పనివారు పాత దారం తీసేసి, ఉన్న రంధ్రాల్లోంచే మైనం పట్టించిన దారంతో, రెండు సూదులతో మళ్లీ కుట్టగలరు.