గోడలు నటించే సినిమా

భయపెట్టడం చేతకాని దర్శకుడే దెయ్యాన్ని చూపిస్తాడు. ఈ మాట ఎవరికి గుచ్చుకున్నా ఫర్వాలేదు. రాబర్ట్ వైజ్ 1963లో తీసిన ‘ది హాంటింగ్’ చూసినవాళ్లు మాత్రం కాదనరు. ఆ నలుపు తెలుపు సినిమాలో మొదటి నుంచి చివరి దాకా ఒక్క దెయ్యమూ తెర మీదికి రాదు. ఉన్నదల్లా హిల్ హౌస్ అనే పాత భవనం, అందులో దయ్యాల సంగతేమిటో తేల్చుకుందామని దిగిన నలుగురు మనుషులు. అయినా అర్ధరాత్రి ఒంటరిగా చూడమంటే నేనిప్పటికీ వెనకాడతాను.

ఆ తలుపు సీను ఒక్కటి చాలు. నలుగురూ ఒక గదిలో బిక్కుబిక్కుమంటూ ఉంటారు. బయట దబదబమని ఏదో బాదుకుంటూ వస్తున్న చప్పుడు. అది వచ్చి సరిగ్గా తలుపవతల ఆగుతుంది. అప్పుడు ఆ బరువైన చెక్కతలుపు మెల్లగా లోపలికి ఉబ్బుతుంది. సర్దుకుంటుంది. మళ్లీ ఉబ్బుతుంది. పల్చటి చెక్కపొరలు అతికించి చేసిన తలుపును వెనక నుంచి ఒక మనిషి బలంకొద్దీ నెట్టాడట, అంతే కిటుకు! కోట్లు పోసిన గ్రాఫిక్స్ దాని కాలిగోటికి చాలవు.

ఇంకో సీను. ఆ నలుగురిలో ఇద్దరాడవాళ్లు ఎలినార్, థియో. చీకట్లో ఎలినార్, థియో చెయ్యి అనుకుని ఒక చెయ్యి గట్టిగా పట్టుకుని పడుకుని ఉంటుంది. గోడమీది పూలనగిషీలో ఒక మొహం కనబడీ కనబడనట్టు ఉంటుంది. ఎక్కడో పసిపిల్ల ఏడుపు. తట్టుకోలేక కేక పెడుతుంది. దీపం వెలిగేసరికి థియో గదిలో ఆ మూలనున్న మంచం మీద ఉంటుంది. మరి ఇంతసేపూ తన చేతిలో ఉన్న చెయ్యి ఎవరిది? ఎలినార్‌గా వేసిన జూలీ హారిస్ మొహంలో ఆ ప్రశ్న చూడాలి. జవాబు మాత్రం సినిమా చెప్పదు.

కథ షిర్లీ జాక్సన్ 1959లో రాసిన నవలది. ఆ ఇంట్లో సరైన మూలమట్టం ఒక్కటీ లేదు; అన్నీ పిసరంత వంకరే. అందుకే తలుపులు వాటంతటవే మూసుకుంటాయి. ఈ వంకరను తెరకెక్కించడానికి వైజ్, పానావిజన్ వాళ్ల 30 ఎం.ఎం. లెన్సు తెప్పించుకున్నాడు. అది ఇంకా తయారీలోనే ఉందనీ, బొమ్మ వంగిపోతుందనీ చెబితే, నాకు కావలసింది అదేనని సంతకం పెట్టి మరీ తీసుకెళ్లాడని చెప్పుకుంటారు. భవనం బయటి దృశ్యాలకు ఇన్‌ఫ్రారెడ్ ఫిల్మ్ వాడాడు. మామూలుగా సెట్‌కు పైకప్పు వెయ్యరు, లైట్లు పెట్టాలి కాబట్టి. వైజ్ పైకప్పులు వేయించాడు. అందుకే ఆ గదుల్లో మనకూ ఊపిరాడదు.

చూపించకుండా భయపెట్టే ఈ విద్య వైజ్‌కు గురుముఖతా అబ్బింది. ఆర్.కె.ఓ. స్టూడియోలో వాల్ ల్యూటన్ అనే నిర్మాత దగ్గరే వైజ్ దర్శకుడయ్యాడు. ల్యూటన్ నిర్మించిన ‘క్యాట్ పీపుల్’ (1942)లో ఒకామె రాత్రిపూట ఒంటరిగా నడుస్తుంటుంది. వెనక ఇంకొకరి అడుగుల చప్పుడు. ఉన్నట్టుండి ఆ చప్పుడు ఆగిపోతుంది. నిశ్శబ్దం. ఏదో మీద పడబోతోందని మనం బిగుసుకుపోయిన క్షణాన బుస్సుమని పెద్ద శబ్దం. చూస్తే బస్సు వచ్చి ఆగింది! ప్రేక్షకుణ్ణి ఉలిక్కిపడేలా చేసే ఎత్తుగడలన్నిటికీ తాత ఇదే.

దెయ్యాన్ని చూపించి మెప్పించినవాళ్లు లేకపోలేదు. జాక్ క్లేటన్ ‘ది ఇన్నోసెంట్స్’ (1961)లో పట్టపగలు, చెరువుకు ఆవల రెల్లు మధ్య నల్లబట్టల్లో ఒకామె నిలబడి ఉంటుంది. మీదికి రాదు, అరవదు. ఛాయాగ్రాహకుడు ఫ్రెడీ ఫ్రాన్సిస్ ఫిల్టర్ల అంచులకు తన చేత్తో రంగు పూసి, తెర అంచులు చీకట్లో కరిగిపోయేలా చేశాడు. ఎంత పనితనం!

కుబ్రిక్ ‘ది షైనింగ్’ (1980) సంగతేమిటంటారా? గొప్పదే. హోటల్ మేనేజరు గదికి వెనక కిటికీ, దాన్నిండా వెలుతురు. కానీ మనం నడిచొచ్చిన దారిని బట్టి అక్కడ కిటికీ ఉండే వీలే లేదు. పిల్లవాడి మూడుచక్రాల బండి వెనకాలే గారెట్ బ్రౌన్ నడిపిన, కుదుపు లేకుండా కదిలే కెమెరా స్టెడీక్యామ్ నేలబారున సాగుతుంటే, చెక్కనేల మీద గరగర, తివాచీ మీద మౌనం, మళ్లీ గరగర. అయితే కుబ్రిక్‌కు హోటలంత సెట్టూ, లిఫ్టు నిండా నెత్తురూ కావలసి వచ్చాయి. వైజ్‌కు ఒక్క తలుపు సరిపోయింది. కుబ్రిక్ భక్తులు కోప్పడినా నా ఓటు వైజ్‌కే.

మనకూ ఈ వాసన తగలకపోలేదు. ‘శివ’లో స్టెడీక్యామ్‌ను పరుగులు పెట్టించిన రామ్‌గోపాల్ వర్మ, ‘రాత్రి’ (1992)లో రేవతిని పెట్టుకుని, తేజ కెమెరాతో, మామూలు కుటుంబం కాపురముండే ఇంటినే అనుమానంగా చూసేలా చేశాడు. ఆ దారిలో మన సినిమా ఎంత దూరమో వెళ్లి ఉండాల్సింది.

వెళ్లలేదు. హాలీవుడ్‌లోనూ అంతే. 1999లో ‘ది హాంటింగ్’ను మళ్లీ తీశారు. బొమ్మలు కదిలాయి, దుప్పట్లు లేచాయి, ఆఖరికి కంప్యూటర్ భూతం గర్జించింది. ఒక్కచోట కూడా ఒళ్లు జలదరించలేదు. అది రీమేక్ కాదు, అపచారం.

ఇక మన దగ్గర చూడండి. తెల్లపౌడరు మొహం, విరబోసిన జుట్టు, చెవులు చిల్లులుపడే శబ్దం, వెంటనే ఒక కమెడియన్ కేక. ల్యూటన్ బస్సును ఎత్తుకొచ్చారు, దాని ముందరి నిశ్శబ్దాన్ని అక్కడే వదిలేశారు! ఉలికిపాటు వేరు, భయం వేరు. వెనక నుంచి ‘భౌ’ అంటే ఎవరైనా ఉలిక్కిపడతారు. దానికి దర్శకుడెందుకు?

దర్శకులారా, షూటింగుకు ముందు ఆ ఇంట్లో ఒక రాత్రి పడుకోండి. ఏ మెట్టు కిర్రుమంటుందో, ఏ తలుపు పూర్తిగా పడదో రాసుకోండి. సౌండు ఇంజినీర్లకు మౌనం ఇవ్వండి. ఒక్క సినిమాలో, ఇంటర్వెల్ దాకా, దెయ్యాన్ని దాచిపెట్టి చూడండి. జనం లేచి వెళ్లిపోతే నన్నడగండి.