మంటకు మేస్త్రీ

కేతేపల్లి చుట్టూ మూసీ ఆయకట్టులో యాసంగి వరి కోత మిషిన్ మడి దాటిందో లేదో, కొయ్యకాళ్లకు అగ్గిపుల్ల గీస్తారు. గాలి ఎటు మళ్లుతుందో చూసే మనిషి అక్కడ ఉండడు. గట్టు మీది తాటిచెట్టు, బోరు పైపు, పక్కవాళ్ల గడ్డివాము ఆ మంటకు దొరికిపోతాయి.

దక్షిణాన నల్లమలలో అదే నిప్పుకు ఒక పద్ధతి ఉంది. అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లు. ఎండలు ముదరకముందే అక్కడ ఫైర్ లైన్లు వేస్తారు: ఒక పట్టీ మేర గడ్డి కోసి, ఆకు ఊడ్చి, కాల్చేస్తారు. తర్వాత కార్చిచ్చు లేస్తే ఆ నల్లటి పట్టీ దగ్గర దానికి మేత ఉండదు. ఈ పనిలో చెంచులు ఫైర్ వాచర్లుగా ఉన్నారు.

మంట నడిపించే మేస్త్రీకి మొదట గాలి తెలియాలి. గాలి ఎటు పోతుందో ఆ కొసన ముట్టిస్తే మంట ఎదురుగాలిలో పొట్టిగా, మెల్లగా పాకుతుంది. గుట్ట మీదైతే పైనుంచి కిందికి రావాలి. కింద అంటిస్తే సెగకు పై గడ్డి ముందే ఎండి, మంట ఎగబాకుతుంది.

అమెరికాలో ఈ మేస్త్రీని బర్న్ బాస్ అంటారు. తరగతి చదువు చాలదు, అనుభవజ్ఞుడి కళ్లెదుట మంట నడిపి చూపితేనే అర్హత పత్రం. ఫ్లోరిడాలోని టల్లహసీలో 1998 నుంచి ఇందుకో శిక్షణ కేంద్రం ఉంది. అలాంటి పత్రం ఇక్కడా ఇస్తే చాలనిపిస్తుంది. కానీ 2022 ఏప్రిల్‌లో న్యూమెక్సికోలో, అన్ని పత్రాలూ ఉన్నచోటే, అటవీశాఖ పెట్టిన మంట చెయ్యి దాటింది. జనవరిలో కాల్చిన కట్టెల కుప్పల్లో మంచు కింద మిగిలిన నిప్పు కూడా అప్పుడే లేచి దానితో కలిసింది. 3.41 లక్షల ఎకరాలు కాలాయి. ఆ దేశ అటవీశాఖ ఇలాంటి మంటలన్నీ 90 రోజులు ఆపేసింది.

అందుకే మేస్త్రీ శిక్షణలో ఎక్కువ రోజులు ఆర్పడానికే ఇవ్వాలి: మొద్దుల్లో, ఎండిన పేడలో దాగిన నిప్పును చేత్తో తడిమి వెతకడం, మర్నాడు మళ్లీ వచ్చి చూడడం. గాలి బాగాలేదని కూలీలను వెనక్కి పంపిన రోజు కూడా పని దినంగానే లెక్కకు రావాలి. ఆ రోజు కూలి ఇవ్వాలి. పరీక్ష పెట్టేవాళ్లలో నల్లమల అడవి ఎరిగిన చెంచు పెద్ద ఒకరు కూర్చోవాలి.

అలా తయారైన మేస్త్రీని ఏప్రిల్‌లో కేతేపల్లి మడిలో నిలబెడితే అగ్గిపెట్టె జేబులోంచి తీయడు. గడ్డి పశువులకు కట్టించి, మిగిలిన కొయ్యకాళ్లను తడి పెట్టి, సూపర్ ఫాస్ఫేట్ చల్లి దున్నిస్తాడు.