లెక్క తప్పని పాటలు

సూర్యాపేటలోనో, కోదాడలోనో, మిర్యాలగూడలోనో ఎర్రజెండా సభ ఉందంటే నాయకులు వేదిక ఎక్కకముందే మైకులో పాట మొదలవుతుంది. చాలాసార్లు అది ‘బండెనక బండి కట్టి’. కుర్చీలు సర్దే పిల్లల దగ్గర్నుంచి మోటార్ సైకిల్ ఆపి నిలబడ్డ పెద్దమనిషి వరకు అందరికీ ఆ పల్లవి నోటికొచ్చు. ఇంతగా నోట నానిన పాటకు ఒక నష్టం ఉంది. మనం దాన్ని పాడతాం, చప్పట్లు కొడతాం, పిడికిలి ఎత్తుతాం గానీ దాని పనితనం గురించి ఆగి ఆలోచించం. ఆ పాట వినిపించే ‘మా భూమి’ సినిమా పాటల్ని తెలంగాణ సాయుధ పోరాట చరిత్రగా చాలామంది పరిచయం చేశారు. రాతలోనూ కూర్పులోనూ అవి ఎంత గట్టివో చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

‘మా భూమి’ 1980లో విడుదలైంది. బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మాతలు. బెంగాల్ నుంచి వచ్చిన గౌతమ్ ఘోష్‌కు దర్శకుడిగా ఇదే తొలి కథాచిత్రం. కిషన్ చందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’ దీనికి ఆధారం, సంగీతం వింజమూరి సీత. సినిమా కోసం కొత్తగా పుట్టించిన బాణీలతో సరిపెట్టుకోకుండా, అప్పటికి మూడు దశాబ్దాలకు పైగా జనం గొంతుల్లో తిరుగుతున్న పాటల్ని తెచ్చి తెర మీద నిలబెట్టడం ఈ సినిమా చేసిన గొప్ప పని. వాటిలో రెండింటిని ఇక్కడ దగ్గరగా చూద్దాం. ఒకటి సుద్దాల హనుమంతు రాసిన ‘పల్లెటూరి పిల్లగాడా’. రెండోది సూర్యాపేట ప్రాంతపు పోరాటయోధుడు బండి యాదగిరి కట్టిన ‘బండెనక బండి కట్టి’. ఒకటి జోలపాటంత మెత్తనిది, మరొకటి ఊరేగింపంత గట్టిది. అయినా రెండింటి అల్లిక ఒక్కటే. రెండూ ప్రశ్నలు వేస్తాయి, రెండూ లెక్కలు అడుగుతాయి.

ముందు హనుమంతు పాట. పశువులు కాసే ఒక జీతగాడితో కవి మాట్లాడుతున్నాడు. ఆ పిల్లవాడి మీద జాలి పడుతున్నానని ఎక్కడా చెప్పడు, దొరను ఒక్క మాటైనా తిట్టడు. చేసేదల్లా అడగడమే. తల్లిపాలు మరిచి ఎంతకాలమైందని అడుగుతాడు, ఆ వెంటనే కొలువులో చేరి ఎంతకాలమైందని అడుగుతాడు. ఈ రెండు ప్రశ్నల మధ్య ఎన్నేళ్ల తేడా ఉందో కవి చెప్పడు. ఆ తీసివేత వినేవాడే మనసులో చేసుకోవాలి. చేసుకున్న క్షణాన పిల్లవాడి వయసు తెలిసి గుండె గుభేలుమంటుంది. చెప్పకుండా చెప్పడమంటే ఇదే.

తర్వాత ఒంటి మీది బట్ట. అంగీ చాలదు, చిరిగింది కూడా. బట్ట లేని చోటంతా చలిగాలే కప్పుకుంటోంది. నెత్తిన గోనెపట్టా కొప్పెర. ఇక్కడ కవి వేసిన ప్రశ్న నన్ను ప్రతిసారీ ఆపేస్తుంది: ఆ గోనెకు ఎన్ని చిల్లులున్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టావా అని. బడిలో కూర్చుని ఒకట్లు నేర్చుకోవలసిన పిల్లవాడికి లెక్కలు నేర్చుకోవడానికి దొరికింది తన గోనెలోని చిల్లులే. పలకా బలపం లేని బాల్యం ఎలా ఉంటుందో వర్ణించాలంటే మరొకరికి పేజీలు కావాలి, హనుమంతుకు ఒక ప్రశ్న చాలింది.

అలా పాట ఒంటి నుంచి ఊరి వైపు జరుగుతూ పోతుంది. కాళ్లకు తాటి జెగ్గల చెప్పులు, నడక ఇంకా కుదరని తప్పటడుగులు, తోడుగా చేతికర్ర. దూడలు కంచె దూకి చేను పాడుచేస్తే దెబ్బలు పడింది ఎవరికని ఒక ప్రశ్న. ఆపైన జీతం. నెలకు ఇంతని కుంచాలతో కొలిచి ఇచ్చే గింజల్లో తాలు ఎంత, కల్తీ ఎంత, ఇంటికి తెచ్చి కొలుచుకుంటే శేరు తక్కువొచ్చిందా అని అడుగుతాడు. ‘దోపిడీ’ అనే మాట పాటలో అవసరమే పడలేదు. ఆ శేరు తరుగే దోపిడీ. కొలత పాత్ర దొర చేతిలో ఉన్న ఊళ్లో ఈ ప్రశ్న ఎంత పదునైనదో, గింజలు కొలిపించుకున్న ప్రతి ఇల్లాలికీ తెలుసు.

ప్రతి చరణంలోనూ ఒక ముద్దుపిలుపు తిరిగొస్తుంది. పసిబుగ్గల్ని తలపించే మాట, దాని పక్కనే ఆ పిల్లవాడి కొలువు పేరు. ఆ రెండు మాటలూ పక్కపక్కన ఉండకూడదు. ఉన్నాయి కాబట్టే పాట పుట్టింది. సినిమాలో ఆడ గొంతు ఈ పాట పాడుతుంటే బాణీ లాలిపాట పోకడలోనే సాగుతుంది. కోపం ఎక్కడా పైకి తేలదు. చరణం చివర ప్రశ్న దగ్గర గొంతు ఆగినప్పుడు జవాబు కోసం చెవి ఎదురుచూస్తుంది. పిల్లవాడు ఒక్కసారి కూడా నోరు విప్పడు. ఆ మౌనాన్ని కవి అందులో కావాలనే పెట్టాడని నా నమ్మకం.

ఈ పనితనం ఊరికే రాలేదు. హనుమంతు అప్పటి నల్లగొండ జిల్లా పాలడుగులో పుట్టి సుద్దాలలో స్థిరపడ్డాడు. ఆంధ్ర మహాసభ, ఆ తర్వాత కమ్యూనిస్టు పార్టీ ఆయన్ను ఊరూరా తిప్పాయి. గొల్ల సుద్దులు, బుర్రకథ, ఫకీరు వేషం, ఇలా జనానికి తెలిసిన ప్రతి కళారూపాన్నీ ఆయన పోరాటానికి వాడుకున్నాడు. రాత్రంతా కూర్చున్న జనాన్ని కదలకుండా పట్టి ఉంచే విద్య సుద్దులు చెప్పేవాళ్లది. ఎక్కడ ప్రశ్న వేయాలో, ఎక్కడ ఆగాలో, ఎక్కడ వంతపాటకు చోటివ్వాలో వాళ్లకు తెలుసు. ఆ విద్య హనుమంతు కలంలోకి దిగింది. జీతగాళ్లను అప్పుకింద తరతరాలు కట్టిపడేసే భగేలా పద్ధతిని అదుపు చేయడానికి నిజాం ప్రభుత్వమే చట్టం తెచ్చింది. ఆ కాగితం పిల్లవాడి దాకా రాలేదు, పాట వచ్చింది. హనుమంతు 1982లో కన్నుమూశాడు. ఆయన కొడుకు సుద్దాల అశోక్ తేజ సినిమా పాటకు జాతీయ పురస్కారం అందుకున్నాడు.

ఇప్పుడు రెండో పాట. దీన్ని ఇవాళ్టి కుర్రాళ్లు ఎలా వింటారో కూడా చెప్పాలి. హైదరాబాద్‌లో చదువుకునే మన జిల్లా పిల్లల్లో మెటల్‌కోర్ వినేవాళ్లున్నారు. హార్డ్‌కోర్ పంక్, హెవీ మెటల్ కలిసి పుట్టిన సంగీతం అది. బయటివాళ్లకు అరుపుల్లా వినిపిస్తుంది. దాన్ని ప్రేమించేవాళ్లు మాత్రం మాటల కోసమే వింటామంటారు. బ్రిటన్ బృందం ఆర్కిటెక్ట్స్ 2018లో తెచ్చిన ‘హోలీ హెల్’ ఆల్బమ్ ఇందుకు మంచి ఉదాహరణ. బృందంలో గిటారూ రచనా ప్రధానంగా చూసుకున్న టామ్ సెర్ల్ 2016లో 28 ఏళ్లకే క్యాన్సర్‌తో చనిపోయాడు. డ్రమ్స్ వాయించే డాన్ అతని కవల సోదరుడు. ఆ దుఃఖం నుంచే ఆ ఆల్బమ్ వచ్చింది. అలాంటి పాటల్లో ఒక్క గొంతు నలుగుతూ పోయి, ఒక చోట బృందమంతా ఒకే మాట కలిసి అరుస్తుంది. వినేవాళ్లూ కలుస్తారు. పాట అక్కడ గాయకుడి చేతిలోంచి జనం చేతిలోకి వెళ్తుంది. ఆ కూర్పు తెలిసిన చెవితో ‘బండెనక బండి కట్టి’ వింటే యాదగిరి ఎంతటి పనిమంతుడో ఇంకా బాగా అర్థమవుతుంది.

పల్లవిలోనే లెక్క ఉంది. బండి వెనక బండి చొప్పున పదహారు బండ్లు వరుసగా నిలబడ్డాయి. వాటిలో నువ్వు ఏ బండెక్కి పోతావని నిజాం సర్కారును కవి అడుగుతున్నాడు. మళ్లీ ప్రశ్నే, మళ్లీ అంకే. వెట్టి కాలంలో అధికారి ఊళ్లోకి వస్తే బండ్లు కట్టవలసింది ఊరివాళ్లు. ఎడ్లు రైతువి, బండి రైతుది, కూలి మాత్రం ఉండదు. ఆ బండ్లనే యాదగిరి వరుసగా నిలబెట్టి సర్కారును సాగనంపడానికి సిద్ధం చేశాడు. వెట్టి బండిని వీడ్కోలు బండిగా మార్చడం ఈ పల్లవిలోని అసలు శిల్పం. ఆ సర్కారును పిలిచే తీరు చూడండి. ఊళ్లో పెద్దవాడు దారి తప్పిన కొడుకును మందలించే పిలుపు అది. ఏడో నిజాం ప్రభుత్వం అంతటిది ఒక్క పిలుపుతో రైతు ముందు చిన్నదైపోతుంది.

చరణాల్లో జాబితాలు వస్తాయి. సర్కారు అండన చేరిన జాగీరుదారులు, పోలీసు, మిలటరీ ఒక వైపు. వాళ్లకు ఎదురు నిలిచిన వడిసెల రాయి, కళ్లల్లో చల్లిన కారం నీళ్లు ఇంకో వైపు. ఈ రెండో జాబితాలో ఊరి ఇంట్లో దొరకని వస్తువు ఒక్కటీ లేదు. విన్నవాడికి తన ఇంట్లో ఆయుధం ఎక్కడుందో తెలిసిపోతుంది. ఆ కాలంలో భూమి లెక్క ఎలా ఉండేదో పుచ్చలపల్లి సుందరయ్య తన పోరాట చరిత్రలో రాశారు. జన్నారెడ్డి ప్రతాపరెడ్డికి లక్షన్నర ఎకరాలు, సూర్యాపేట దేశ్‌ముఖ్‌కు ఇరవై వేల ఎకరాలు. లక్షన్నర ఎకరాల ముందు వడిసెల రాయి ఎంత? ఆ తేడా తెలిసే యాదగిరి రెండింటినీ ఒకే త్రాసులో వేశాడు.

ఇక మా ఊళ్ల పేర్లు వచ్చే చరణం. చుట్టూ సూర్యాపేట, మధ్యన నల్లగొండ, పాలకుడుండే హైదరాబాద్, పక్కనే గోల్కొండ. పటం మీద సూర్యాపేట నల్లగొండను చుట్టి లేదు. పాటలో ఉంది. ఒక ఊరి పేరుతో ముట్టడి గీశాడు కవి. సూర్యాపేట ముందు ‘చుట్టుముట్టు’, నల్లగొండ ముందు ‘నట్టనడుమ’ అని ‘ట్ట’ మోగే మాటలు వేశాడు. అందుకే ఆ పేర్లు ఒకసారి వింటే మరుపుకు రావు. చదువు రాని మనిషి మోసుకుపోవడానికి అనువుగా కట్టిన మాటలివి. ఆఖరున సమాధి కట్టే చోటు గోల్కొండ కోట కిందేనని తేల్చేస్తాడు. సూర్యాపేటలో బయలుదేరిన చూపు రాజధాని దాటి కోట దగ్గర ఆగుతుంది. 1948 సెప్టెంబరులో బెజవాడ వైపు నుంచి భారత సైన్యం కోదాడ, మునగాల, సూర్యాపేటల మీదుగా ఇదే దిక్కున నడిచింది. వెనక్కి తగ్గుతూ నిజాం సేనలు మూసీ వంతెనను పేల్చేశాయి. పోరాటం అక్కడితో ఆగలేదు, 1951 దాకా సాగింది. పాటా ఆగలేదు.

తెర మీద ఈ పాట గద్దర్‌ది. భుజాన గొంగడి, చేతిలో కర్ర, కాళ్లలో చిందు. ఆయన ఒక్కో మాటను విసిరి వదులుతాడు, వెంటనే బృందం అందుకుంటుంది. బృందం అందుకునే చోటు ఆ పిలుపు దగ్గరే. అంటే సర్కారును నిలదీసే పని ఒక్కడిది కాదు, గుంపుది. ఈ గుంపు గొంతు మన నేలకు కొత్త కాదు. సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద రెండేళ్లకోసారి లింగమంతుల జాతర జరుగుతుంది. భేరీలు మోగుతుంటే, గజ్జెల లాగులు కట్టిన యాదవులు లింగా అని ఎలుగెత్తుతూ గుట్టెక్కే దృశ్యం చూసినవాళ్లకు వంతపాట బలం ఎక్కడి నుంచి వచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు.

ఈ పాట మొదట ఒక దొర మీద పుట్టిందని, తర్వాత ఆ పేరున్న చోటికి నిజాం వచ్చి చేరాడని పెద్దలు చెబుతారు. ఆ మాట నమ్మదగిందే అనిపిస్తుంది, ఎందుకంటే పాట కూర్పులోనే ఆ వీలుంది. పిలుపు చోట ఎవరి పేరు పెట్టినా తాళం చెదరదు. తెలంగాణ ఉద్యమ కాలంలో ధూంధాం వేదికల మీద ఈ బాణీ మళ్లీ లేచినప్పుడు జనం దాన్ని కొత్తగా నేర్చుకోవలసిన పని లేకపోయింది. పిలిచే గొంతు మారింది, పిలవబడేవాడు మారాడు, బండ్లు అలాగే ఉన్నాయి.

కోదాడకు దగ్గరి చిలుకూరులో 1941లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరిగింది. భూమి, వెట్టి, కౌలు గురించిన తీర్మానాలు అప్పటి సభల్లో కాగితాల మీదికి ఎక్కాయి. కాగితం చదవలేని వాళ్లకు అదే విషయాన్ని ఈ రెండు పాటలు చేరవేశాయి. పట్వారీ చిట్టా దొర ఇంట్లో ఉన్న కాలంలో జనం తమ చిట్టాను పాటలో రాసుకున్నారు. ఎన్ని చిల్లులు, ఎన్ని శేర్లు, ఎన్ని బండ్లు. ఇంతకాలమైనా ఈ పాటలు అరిగిపోకపోవడానికి నాకు తోచిన కారణం ఇదే. ఉత్త కోపంతో కట్టిన పాట కోపం చల్లారగానే చల్లారుతుంది. లెక్కతో కట్టిన పాట ఆ లెక్క తేలేదాకా బతుకుతుంది.

పాట రాయాలనుకునే పిల్లలు మన ఊళ్లలో ఇప్పుడు చాలామంది ఉన్నారు. ర్యాప్ రాసేవాళ్లున్నారు, గిటారు పట్టినవాళ్లున్నారు, డప్పు మీద సొంత పాట కట్టేవాళ్లున్నారు. ఏ సంగీతమైనా సరే, హనుమంతునూ యాదగిరినీ వరుసగా వినమని వాళ్లకు చెబుతాను. గొంతు పెంచడానికి ముందు వాళ్లు కొలతలు తీశారు. శేరు ఎంత తక్కువొచ్చిందో తెలిసినవాడు అడిగే ప్రశ్నకు ఏ దొరా జవాబు చెప్పలేడు. మిర్యాలగూడ మిల్లుల దగ్గర తేమ పేరుతో తూకం తగ్గిందని రైతు బాధపడే ప్రతి సీజన్‌లోనూ ఆ ప్రశ్నకు మళ్లీ పని పడుతుంది. దాన్ని ఈ కాలపు మాటల్లో, అంతే కొలతతో అడగగలిగే పాట రావాలి.