మంటను దాచేసిన పొయ్యి

అమెరికాలోని మసాచుసెట్స్‌లో కాంకర్డ్ అనే చిన్న ఊరుంది. అక్కడ చలికాలమంటే చెరువులు గడ్డకట్టే కాలం. 1840లలో ఆ ఊళ్లో ఇద్దరు రచయితలకు ఇంచుమించు ఒకే దిగులు పట్టుకుంది. ఇల్లు వెచ్చగానే ఉంటోంది, మంట మాత్రం కంటికి కనిపించడం లేదు.

మొదటివాడు నథానియేల్ హాథార్న్. తాను అద్దెకున్న పాత ఇంట్లోకి ఇనప స్టవ్వులు వచ్చాయి. ఆ కోపమంతా 1843లో ‘ఫైర్ వర్షిప్’ అనే వ్యాసంలో వెళ్లగక్కాడు. ఇంటిల్లిపాదినీ ఒక్కచోటికి చేర్చేది మంట. దాన్ని ఇనప పెట్టెలో బంధిస్తే ఇక ఎవరి మూల వారిదేనని ఆయన బాధ.

రెండోవాడు హెన్రీ డేవిడ్ థోరో. 1845 జూలై 4న వాల్డెన్ చెరువు దగ్గర తన చేత్తో కట్టుకున్న ఇంట్లోకి దిగాడు. పదడుగుల వెడల్పు, పదిహేనడుగుల పొడవు. లెక్క రాసుకునే అలవాటున్నవాడు కాబట్టి ఖర్చు ఎంతో తెలుసు: 28 డాలర్ల 12న్నర సెంట్లు. అందులో నాలుగు డాలర్లు వెయ్యి పాత ఇటుకలకు పోయాయి. దిగేనాటికి చిమ్నీ లేదు, వంట ఆరుబయటే. చలి ముదరకముందే చెరువు గట్టు నుంచి రాళ్లూ ఇసుకా మోసుకొచ్చి ఫైర్‌ప్లేస్ కట్టుకున్నాడు. ఇంటి మొత్తం మీద ఆయన అన్నిటికంటే తీరిగ్గా చేసిన పని అదే.

విచిత్రమేమిటంటే, అంతకు ముందు ఏడాది ఈ మనిషే అడవిని తగలబెట్టాడు. 1844 ఏప్రిల్‌లో స్నేహితుడితో కలిసి చేపలు వండుకోబోతే నిప్పు ఎండు గడ్డికి అంటుకుని, కాంకర్డ్ అడవి సుమారు 300 ఎకరాలు కాలిపోయింది.

కట్టెల కోసం ఆయన పెద్ద చెట్ల మీద పడలేదు. తన చిక్కుడు చేను దున్నినప్పుడు బయటపడ్డ మొద్దులున్నాయి. అవి రెండుసార్లు వెచ్చబెడతాయని అరక తోలినవాడు ముందే చెప్పాడట, కొట్టేటప్పుడు ఒకసారి, కాల్చేటప్పుడు ఇంకోసారి. ఎవరిదో పాత గొడ్డలి పుచ్చుకుని, ఇంటికి ఎండ తగిలే వైపున నిలబడి వాటిని చీల్చేవాడు. కట్టెల దొంతి కిటికీలోంచి కనిపించాలని ముచ్చటపడేవాడు.

మంటను ఒంటరిగా వదిలి మూడు నాలుగు గంటలు తిరిగొచ్చినా నిప్పులు ఆరేవి కావు. తాను లేనప్పుడు ఇల్లు చూసుకునే మనిషి ఒకరున్నట్టే ఉండేదట. ఒక్కసారి మాత్రం ఓ నిప్పురవ్వ ఎగిరి పడి పరుపును అరచేయంత మేర కాల్చింది. అయినా సాయంత్రం మంట వైపు చూస్తూ కూర్చుంటే పగలంతా బుర్రలో పేరుకున్న చెత్త కాలిపోతుందని ఆయన నమ్మకం. ప్రార్థన లేదు, మంత్రం లేదు. మధ్యమధ్య లేచి కట్టె ఎగదోయడమొక్కటే పని.

రెండో చలికాలానికి థోరో కూడా స్టవ్వు పెట్టించుకున్నాడు.

కారణం పొదుపు. అడవి తనది కాదు. తెరిచి ఉన్న ఫైర్‌ప్లేస్ వేడిలో ఎక్కువ భాగాన్ని చిమ్నీలోంచి ఆకాశానికి పంపుతుంది, పోతూపోతూ గదిలోని వెచ్చని గాలినీ లాక్కుపోతుంది. స్టవ్వుకైతే గాలి ఎంత కావాలో అంతే వదలొచ్చు, కాబట్టి కట్టె ఆదా అవుతుంది. లెక్క సరిపోయింది, కానీ తోడు పోయింది. వంట రసాయన ప్రక్రియలా మారిందనీ, స్నేహితుణ్ణి పోగొట్టుకున్నట్టుందనీ ఆయనే రాసుకున్నాడు.

1847లో థోరో వెళ్లిపోయాక ఆ ఇంటిని అక్కణ్ణుంచి తరలించారు. అది ఎక్కడుండేదో కూడా కచ్చితంగా తెలియకుండా పోయింది. 1945లో రోలండ్ రాబిన్స్ అనే ఔత్సాహికుడు తవ్వి చూస్తే బయటపడింది చిమ్నీ పునాది. ఇంటి చోటు తేలింది దాంతోనే.

కట్టెల పొయ్యి ముందు ఊదుగొట్టం పట్టుకుని కళ్లు మండించుకున్న మన అమ్మమ్మలకు ఈ బెంగ చెబితే నవ్వేవారు. వాళ్ల పొయ్యికి చిమ్నీ లేదు, పొగంతా వాళ్ల ఊపిరితిత్తుల్లోకే. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం కింద గ్యాస్ కనెక్షన్లు వచ్చినప్పుడు కనుమరుగైన కట్టెల మంట కోసం దిగులుపడే తీరిక ఏ ఇల్లాలికుంటుంది? థోరో మంట ముందు కూర్చోగలిగాడంటే పొగ పైకి పోయింది కాబట్టి, ఒక్కడికే వండుకున్నాడు కాబట్టి.

హాథార్న్ ఫిర్యాదును మాత్రం స్టవ్వుల తయారీదారులు మరిచిపోలేదు. ఇప్పటి కట్టెల స్టవ్వులకు చాలావాటికి గాజు తలుపుంటుంది. దానికి మసి పట్టకుండా పైనుంచి వేడిగాలిని లోపలి వైపు గాజు వెంబడి కిందికి జారవిడుస్తారు. గది వెచ్చబడడానికి గాజు తళతళలాడనక్కర్లేదు. మంట కనబడడానికే ఆ ఏర్పాటు.