షెడ్డు లేని వాటర్‌షెడ్

"వాటర్‌షెడ్డంటాండారు, షెడ్డేది నాయనా?" డోన్ పక్క పల్లెలో ఒక అవ్వ అడిగింది. ఇంగ్లీషు వార్తల్ని తెలుగు చేయడం అప్పటికి నా ఉద్యోగం. చెక్‌డ్యామ్ చూసి రమ్మంటే పోయినాను. నవ్వి తప్పించుకున్నా గానీ, ఆ మాట రోజూ రాస్తున్న నాకూ జవాబు తెలియదు.

అది రేకుల షెడ్డు కాదు. నీళ్లు విడిపోయే చోటును జర్మన్లు వాసర్‌షైడె అంటారు. దాని పోలికతో పుట్టిందే ఈ ఇంగ్లీషు మాట. మొదట దానర్థం మిట్ట మీది గీత: ఇటు పడిన చినుకు ఇటు, అటు పడింది అటు. అమెరికా వాడుకలో అది గీత లోపలి నేలంతా, అంటే పరీవాహకం అయింది. మన దగ్గరికొచ్చేసరికి పథకమైంది. హనుమంతరావు కమిటీ 1994లో సిఫారసు చేసినాక, 1995 ఏప్రిల్ నుంచి సుమారు 500 హెక్టార్లకొక వాటర్‌షెడ్ లెక్కన పనులు మొదలయ్యాయి. ఊరికి వాటర్‌షెడ్ వచ్చిందంటే పనులొచ్చాయని.

నాకు మాత్రం మొదటి అర్థమే ఇష్టం. హంద్రి తుంగభద్రలో కలిసి కృష్ణకు పోతుంది. కుందూ ఎర్రమల, నల్లమల నడుమ దిగి కడప జిల్లాలో పెన్నలో కలుస్తుంది. కృష్ణ, పెన్న నీళ్లను విడదీసే గీత కర్నూలు సీమలోనే ఉంది. సుంకేసుల నుంచి వచ్చే కె.సి. కాలువ మిట్టకందాల దగ్గర దాన్ని కోసుకుని పెన్న వైపు దిగుతుంది.   ఊరి పేరులోనే మిట్ట ఉంది చూడండి! ఆ గీతకు నిఘంటువు నన్ను 'జలవిభాజకం' రాయమంటుంది. అవ్వకు అదీ షెడ్డే.

మాట కొత్తదైనా లెక్క పాతదే. 1369 నాటి పోరుమామిళ్ల చెరువు శాసనం చెరువుకు ఆరు దోషాలు చెప్పింది. నేల ఎక్కువై నీళ్లు చాలకపోవడం ఒకటి, నేల తక్కువై నీళ్లు మిక్కిలి కావడం ఇంకొకటి. ఎంత నీరు దిగుతుందో తెలియకుండా కట్ట వేయొద్దని కదా!

వాటర్‌షెడ్ పని మిట్ట నుంచి మొదలు కావాలి: పైన కందకాలు, నడుమ రాతికట్టలు, చివర చెక్‌డ్యామ్. ఆ రోజు నేను చూసింది చివరిదొక్కటే. గుట్ట బోడిగా ఉంది, చెక్‌డ్యామ్ నిండా మన్ను. గీతను మరిచిన వాటర్‌షెడ్ అది.

ఇప్పుడు నేను పథకాన్ని వాటర్‌షెడ్ అనే రాస్తాను, నేలను పరీవాహకం అంటాను. గీతకే ఇంకా మాట కుదరలేదు. నీళ్లు రెండుగా చీలే చోటును మీ ఊళ్లో ఏమంటారో ఒక కార్డు ముక్క రాయండి.