నలభై నాలుగేళ్ళ తర్వాత చూసిన పాదాలు

శస్త్రచికిత్స బాగా జరిగిందా లేదా అన్నది రెండేళ్ళ తర్వాత చూసి చెప్పడం మామూలు. అయోవా విశ్వవిద్యాలయంలో చార్లెస్ సాల్ట్జ్‌మన్ బృందం అంతటితో ఆగలేదు. పాదం వెనక భాగంలో మూడు కీళ్ళను అతికించే ట్రిపుల్ ఆర్థ్రోడెసిస్ చేయించుకున్నవాళ్ళను సగటున 25 ఏళ్ళకు ఒకసారి, మళ్ళీ 44 ఏళ్ళకు ఒకసారి పరీక్షించిన వివరాలను 1999లో ప్రచురించింది. రెండుసార్లూ అవే పాదాలు: 57 మంది, 67 పాదాలు. ఆ ఓపిక ముందు నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఈ పద్ధతిని 1923లో ఎడ్విన్ రైయర్సన్ వివరించాడు. పోలియోతో కండరాలు చచ్చుబడి, పాదం పక్కకు ఒరిగిపోయినవాళ్ళకు అప్పట్లో అది పెద్ద ఆసరా. చీలమండలో ఉండే టాలస్‌ను కింద మడమ ఎముకతోనూ, ముందున్న నావిక్యులర్‌తోనూ కలిపేస్తారు. మడమ ఎముకను బయటివైపున్న క్యూబాయిడ్‌తో కలుపుతారు. పాదం పైకీ కిందికీ ఆడటం చాలావరకు మిగులుతుంది. పక్కలకు ఒరిగే గుణం పోతుంది.

అసలు పనితనం కోతలో ఉంది. కీలు లోపలి మృదులాస్థిని పూర్తిగా గీకి, రక్తం ఊరే ఎముక బయటపడేదాకా వెళ్ళాలి. అలా అయితేనే ఎముకలు అతుక్కుంటాయి. వంకర ఉన్నచోట చీలిక ఆకారంలో ముక్క తీస్తారు. వడ్రంగి కూసం చెక్కినట్టు, ఆ చీలిక కోణం మీదే పాదం రూపమంతా ఆధారపడుతుంది. మడమ ఓ 5 డిగ్రీలు బయటికి వాలి ఉండాలి. లోపలికి తిరిగితే బరువంతా పాదం బయటి అంచున పడి, అక్కడ కాయలు కాస్తాయి, నొప్పి మొదలవుతుంది. అతుక్కున్నాక ఏ వ్యాయామంతోనూ దాన్ని సరిచేయలేం.

మూడింటిలోనూ టాలస్, నావిక్యులర్ మధ్య కీలు నన్ను ఎక్కువగా ఆకట్టుకుంటుంది. దాన్నొక్కదాన్ని బిగిస్తే చాలు, మిగతా రెండింటి కదలిక దాదాపు 2 డిగ్రీలకు పడిపోతుందని 1997లో మృతదేహాల పాదాల మీద చేసిన ప్రయోగం చూపింది. క్యూబాయిడ్ దగ్గరి కీలును వదిలేసి, రెండింటినే అతికించే సర్జన్లు ఇప్పుడు ఉన్నారు. తక్కువ కోసి ఎక్కువ సాధించే ఆ ఆలోచన నాకు నచ్చుతుంది.

అయోవా ఫలితాలు చూస్తే, 44 ఏళ్ళ తర్వాత కూడా 95 శాతం మంది ఆపరేషన్‌తో తృప్తిగా ఉన్నామన్నారు. అప్పటికి చాలామంది పాదాల్లో ఎంతో కొంత వంకర మిగిలే ఉంది. నొప్పి పెరిగింది. ఎక్స్‌రేల్లో అందరి చీలమండల్లోనూ అరుగుదల కనిపించింది. కింది కీళ్ళు వదులుకున్న పనిని పై కీలు మోయాల్సి వచ్చిందని చాలామంది సర్జన్లు దీన్ని అర్థం చేసుకుంటారు. తృప్తి, అరుగుదల రెండూ నిజమే. ఒకదాన్ని చూపి రెండోదాన్ని కొట్టిపారేయడం ఆ పరిశోధనకు అన్యాయం. ఒరిగిపోయే పాదంతో బతికినవాళ్ళకు నిలకడగా ఆనే పాదం దొరికింది. అది దశాబ్దాలు నిలిచింది.

ఇప్పుడు తీగలతో ఎముకలను తాత్కాలికంగా నిలిపి, మడమ వాలు చూసుకుని, ఎక్స్‌రేలో సరిపోల్చుకున్నాకే స్క్రూలు బిగిస్తారు. ఆ జాగ్రత్త ఆ రోజుతో తీరిపోదు. చీలమండ అరిగి కృత్రిమ కీలు పెట్టాల్సి వస్తే, కింద మడమ వాలు సరిగా ఉంటేనే ఆ కీలు మీద బరువు సమంగా పడుతుంది. లేకపోతే రెండో సర్జన్ ముందు మొదటాయన కోసిన కోణాన్ని సరిచేయాల్సి వస్తుంది.