చట్రంలో పట్టని శ్రమ: ఇన్‌స్టాగ్రామ్ చీరల పేజీలను చదవడం

ఉత్తరాలనీ, డైరీలనీ, దంపుళ్ళ పాటలనీ సాహిత్యంగా చదవొచ్చని మనకు మనమే నేర్పుకున్నాం. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు, తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు నోటితో చెప్పిన మాటలే పుస్తకమయ్యాయి. స్త్రీలు ఎక్కడ రాస్తే అదే మన పాఠం అనుకున్నాం. అలాంటప్పుడు ఒంగోలులో ఒక గృహిణి మంచం మీద చీర పరిచి, సెల్‌ఫోనుతో ఫోటో తీసి, దాని కింద రాసే నాలుగు వాక్యాలను మనం ఎందుకు చదవం? "అది వ్యాపారం కదా" అన్నది సెమినార్లలో నాకు తరచుగా ఎదురయ్యే జవాబు. వ్యాపారమే. అందుకే చదవాలంటున్నాను. డబ్బు గురించి, ధర గురించి, ఎదుటివాళ్ళు ఎగ్గొట్టిన బాకీ గురించి స్త్రీలు రాసిన రాతలు మన సాహిత్యంలో ఎన్నున్నాయి గనక?

ఇంట్లో చీరలు అమ్మడం మా ఊళ్ళకు కొత్త కాదు. చీరాల, పేరాల, జాండ్రపేట, వేటపాలెం మగ్గాల మీద నేసిన చీరలను మూటగట్టుకుని ఇల్లిల్లూ తిరిగి వాయిదాల మీద అమ్మినవాళ్ళున్నారు. ఇన్‌స్టాగ్రామ్ వచ్చాక మూట ఫోనులోకి వెళ్ళింది. చీరాల 2022 ఏప్రిల్‌లో ప్రకాశం నుంచి విడిపోయి బాపట్ల జిల్లాలోకి వెళ్ళినా చీరలకు జిల్లాల సరిహద్దు పట్టలేదు. ఒంగోలు ఇళ్ళలోని చాలా పేజీలకు సరుకు ఇప్పటికీ అక్కడినుంచే వస్తుంది. అంచు రంగునూ వొంటి రంగునూ వేర్వేరు నాడెలతో కలిపి నేసే కుప్పడం చీర ఫోటోలో బాగా పడుతుంది. అంచు ఎంత కొట్టొచ్చినట్టుంటే వేలు అంత త్వరగా ఆగుతుంది. సౌందర్యశాస్త్రం ఇప్పుడు వేలికొనలో వుంది మరి!

ఒక తేదీ దగ్గర కాసేపు ఆగాలి. ఇన్‌స్టాగ్రామ్ మొదలైంది 2010 అక్టోబరులో. మైక్రోఫైనాన్స్ కంపెనీల వారవారీ వసూళ్ళ వొత్తిడి, ఆత్మహత్యల వార్తల తర్వాత ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చిందీ అదే నెలలో. ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేదు. కానీ పేద, దిగువ మధ్యతరగతి స్త్రీని 'చిన్న వ్యాపారి'గా మార్చాలన్న ఆలోచన ఒక రూపం నుంచి ఇంకో రూపంలోకి నడిచిన దారి ఇక్కడ కనిపిస్తుంది. సంఘం అప్పులో ఒక స్త్రీ కట్టకపోతే మిగతా స్త్రీలు ఆమె గుమ్మం ముందు కూర్చోవాలి. దానిలో హింస వుంది, దాన్ని నేను తక్కువ చెయ్యను. అయితే సంఘానికి ఒక పేరుండేది, మినిట్స్ పుస్తకముండేది, పోట్లాడుకోవడానికైనా ఒక అరుగుండేది. ఇన్‌స్టాగ్రామ్‌లో పక్క వీధిలో అదే చీర అమ్ముతున్న స్త్రీ ఎవరో ఈమెకు తెలియదు. ఒకే హోల్‌సేల్ వ్యాపారి వాట్సాప్‌లో పంపిన ఒకే ఫోటో అయిదారు పేజీల్లో కనిపిస్తుంది, వందో రెండొందలో తేడాతో. ఆ తేడాయే వీళ్ళ మార్జిన్. పూచీకి ఇప్పుడు సంఘం లేదు. తన ఇల్లు, తన గొంతు, కొన్నిసార్లు తన ముఖం పెట్టి ఎవరి పూచీ వాళ్ళే పడుతున్నారు.

ఇక పేర్ల సంగతి. నేను రెండేళ్ళుగా చూస్తున్న పేజీల్లో ఎక్కువ వాటికి కూతురి పేరో, అమ్మవారి పేరో, అత్తగారి పేరో వుంది. నడిపే మనిషి పేరు బయోలో కూడా దొరకదు. ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరు మర్చిపోయిన ఇల్లాలి కథ, పి.సత్యవతి 'ఇల్లలకగానే', మనలో చాలామందికి చదువుతూనే వొళ్ళు జలదరించిన కథ. ఈ పేజీల స్త్రీలు పేరు మర్చిపోలేదు. ఆలోచించే పక్కన పెట్టారు. "నా పేరు పెడితే మెసేజ్‌లు వేరేగా వస్తాయక్కా" అని ఒకామె నాతో అంది. కొనేవాళ్ళు డబ్బు పంపేటప్పుడు ఇంకో పేరు బయటపడుతుంది. యూపీఐలో నంబరు కొట్టగానే తెర మీద భర్త పేరు వస్తుంది. పేజీ కూతురిది, ఖాతా భర్తది, రాత్రి పదకొండుకు ప్యాకింగు మాత్రం ఈమెది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019–21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 21 శాతం, పురుషులు దాదాపు 49 శాతం. ఆ తర్వాత అంకెలు పెరిగే వుంటాయి. ఫోను ఎవరిదన్న ప్రశ్న మాత్రం ఆ అంకెల్లో దొరకదు.

ఫోటో చట్రం సంగతి చూద్దాం. స్త్రీవాద కవులు వంటింటిని కవిత్వంలోకి తెచ్చారు. విమల 'వంటిల్లు' తర్వాత ఆ గది తెలుగు కవిత్వంలో అమాయకంగా వుండలేకపోయింది. ఈ పేజీల్లో జరిగేది సరిగ్గా దానికి వ్యతిరేకం. వంటిల్లు చట్రంలోకి రాకూడదు. గోడ తెల్లగా వుండాలి, ఆరేసిన బట్టలు కనబడకూడదు, కుక్కర్ విజిల్ వినబడకూడదు. 2020 జూన్‌లో టిక్‌టాక్‌ను నిషేధించారు. జులైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ మన దేశంలోకి వచ్చాయి. ఫోటో చాలదు, కదిలే బొమ్మ కావాలన్నారు. అప్పుడు చట్రంలోకి ఈమె చేతులు వచ్చాయి. కొంగు విప్పే చేతులు, కుచ్చిళ్ళు పెట్టే చేతులు. ముఖం చాలామంది ఇప్పటికీ చూపించరు. వీటిని చూసి 'స్త్రీ సాధికారత' అని రాసేవాళ్ళున్నారు, 'మార్కెట్ మాయ' అని కొట్టిపారేసేవాళ్ళూ వున్నారు. ఆ కింద రాసి వున్నదాన్ని ఇద్దరూ చదివినట్టు నాకనిపించదు.

చదవాల్సింది చీర వర్ణనలను కాదు. వాటికి ఎవరి గొంతూ లేదు. 'ప్రీమియం క్వాలిటీ', 'రిచ్ పల్లు', 'కాంట్రాస్ట్ బ్లౌజ్' అంటూ అందరిదీ ఒకే పాట, చాలాసార్లు హోల్‌సేల్ వ్యాపారి పంపిందే. చదవాల్సింది పేజీ పైభాగంలో వేసి వుంచే నియమాలను. ఓపెనింగ్ వీడియో లేకుండా డ్యామేజ్ అంటే వొప్పుకోము. వీడియోలో కట్లు, పాజులు వుండకూడదు. లైటింగ్ వల్ల రంగు కొద్దిగా తేడా వుంటుంది. పేమెంట్ అయ్యాకే బుకింగ్, స్క్రీన్‌షాట్ తప్పనిసరి. బేరాలు వద్దు. రాత్రి తొమ్మిది తర్వాత కాల్స్ చెయ్యొద్దు. ఊరికే హాయ్ అని పెట్టొద్దు.

వీటిలో ఏ నియమమూ గాల్లోంచి పుట్టలేదు. కట్టుకుని, పెళ్ళికి వెళ్ళొచ్చి, చిరిగిందని వెనక్కి పంపిన చీర ఒకటి వుంది కనకే ఓపెనింగ్ వీడియో నియమం వచ్చింది. పాత స్క్రీన్‌షాట్‌లో తేదీ మార్చి పంపినవాళ్ళుంటారు. రాత్రి తొమ్మిది నియమం వెనకున్న ఫోన్‌కాల్ ఎలాంటిదో ఈ పత్రిక చదివే స్త్రీలకు నేను వివరించనవసరం లేదు. ఈ స్త్రీలు ఆత్మకథలు రాయరు. నియమాలు రాస్తారు. ప్రతి నియమం జరిగిపోయిన అవమానానికి కుదించిన రూపం. 'వొద్దు', 'కుదరదు', 'వొప్పుకోము' అనే క్రియలను ఇంత ధారాళంగా వాడే అవకాశం ఇంట్లో ఈ స్త్రీలకు ఎన్నిసార్లు దొరుకుతుంది? ఆ బహువచనం కూడా గమనించండి. మనిషి ఒక్కతే, 'వొప్పుకోము' అంటుంది. వెనక ఒక దుకాణం, ఒక యజమాని, నలుగురు మనుషులు వున్నట్టు వినిపించాలి. ఒంటరి స్త్రీ కాదన్నట్టు రాయడం రక్షణ కూడా.

నియమం రాతలో చెల్లుతుంది. గొంతులో మాత్రం ఆమె ఎప్పుడూ చెల్లెలే. లైవ్‌లోకి రాగానే "హాయ్ అక్కా, హాయ్ అండీ" అంటూ, నవ్వుతూ, వందసార్లు అడిగిన ధరను నూటొకటోసారి చెప్పాలి. ఆ గొంతు ఒక యూనిఫాం. అది జారితే ఏమవుతుందో 2025 ఏప్రిల్‌లో చూశాం. రాజమండ్రి నుంచి ఊరగాయలు అమ్మే అక్కచెల్లెళ్ళ పేజీ నుంచి, ధర ఎక్కువన్న కొనుగోలుదారుడికి వెళ్ళిన తిట్ల ఆడియో ఊరూరా తిరిగింది. ఆ తిట్లు తిట్లే, సమర్థించే పని లేదు. కానీ ఆ తర్వాత వచ్చిన మీమ్‌ల వరదకు కారణం ఊరగాయ ధర కాదు. బట్టల దుకాణంలో విసుక్కునే మగ సేల్స్‌మన్‌ను రాష్ట్రమంతా కూర్చుని చర్చించదు. అమ్మే స్త్రీ విసుక్కుంటే, అదీ నోటికొచ్చినట్టు విసుక్కుంటే, ఆమె పెంపకం, పెళ్ళి, శరీరం అన్నీ చర్చకు వస్తాయి.

ఇంతదాకా నేను అమ్మే స్త్రీ గురించే రాశాను. ఈ పేజీలు కూడా అక్కడే ఆగిపోతాయి. వాటి మీద నా అసలు ఫిర్యాదు అదే. 2015లో బెంగళూరు స్త్రీలిద్దరు మొదలుపెట్టిన 'వంద చీరల వొప్పందం' దేశమంతా పాకింది. సంవత్సరంలో వందసార్లు చీర కట్టి, ప్రతి చీరతో ఒక జ్ఞాపకం రాయాలి. ఎంతోమంది అమ్మల గురించి, పెళ్ళిళ్ళ గురించి మంచి వచనం రాశారు. అది కట్టుకున్నవాళ్ళ కథ. నేసినవాళ్ళ కథ అందులోకి అరుదుగా వచ్చింది. 2019–20 చేనేత గణన దేశంలో 35 లక్షల మంది చేనేత శ్రామికులను లెక్కపెడితే వాళ్ళలో 72 శాతం స్త్రీలు. చీరాల వైపు ఇళ్ళలో స్త్రీలు మగ్గం మీదా కూర్చుంటారు, రాట్నం మీద కండెలు చుడతారు, పడుగు సరిచేస్తారు. మాస్టర్ వీవర్ ఇచ్చే మజూరీ మాత్రం చీర లెక్కన చాలా ఇళ్ళలో మగవాడి చేతికే వస్తుంది. కండె చుట్టిన చెయ్యికి విడిగా లెక్క లేదు. ఫోటోలో ఆ చెయ్యి అసలే లేదు.

ఫోటోకు ఇంకో ఇబ్బంది వుంది. మరమగ్గం చీరకూ చేనేత చీరకూ తేడా చూడాలంటే చీరను తిరగెయ్యాలి, అంచు వేళ్ళ మధ్య పట్టి చూడాలి, చిన్న చిన్న సూది రంధ్రాలు వెతకాలి. తెర మీద ఇవేవీ కుదరవు. 'ప్యూర్ హ్యాండ్లూమ్' అన్న రెండు మాటలను నమ్మాలి, అంతే. ఆ మాటలు రాసే స్త్రీకి కూడా చాలాసార్లు తెలియదు, ఆమెకూ ఫోటోయే వచ్చింది కనక. అబద్ధం ఎవరిదో తేల్చలేని ఏర్పాటు ఇది. నష్టం మాత్రం ఇద్దరు స్త్రీలది. ఒకామె పేజీకి చెడ్డపేరు, ఇంకొకామె మగ్గానికి పని లేకపోవడం.

ఈ రాతలు నిలవవు. స్టోరీ 24 గంటల్లో పోతుంది, లైవ్ మాటలు గాలికి పోతాయి, చీర అమ్ముడుపోగానే పోస్టు తీసేస్తారు. వేటపాలెంలో 1918 నుంచి సారస్వత నికేతనం పాత పత్రికలను కాపాడుకుంటూ వస్తోంది. ఆ మగ్గాల చుట్టూ ఇవాళ స్త్రీలు రాస్తున్నది దాచే చోటు ఏదీ లేదు. నేను నియమాలను సేకరిస్తున్నాను. పాతవీ, దిద్దినవీ, కొత్తగా కలిపినవీ తేదీలతో సహా. వాడుకోవడానికి అనుమతి అడుగుతున్నాను. కొందరు సరేనన్నారు, కొందరు "మా ఆయన్ని అడిగి చెప్తా" అన్నారు. పరిశోధనా నియమం ప్రకారం పేర్లు మార్చాలి. ఇద్దరు మాత్రం "మార్చొద్దు, నా పేరే వెయ్యండి, పేజీ పేరు వొద్దు" అన్నారు. మిగతావాళ్ళ జవాబులు వచ్చేదాకా ఈ వ్యాసంలో ఎవరి పేరూ వెయ్యలేదు.